కాయలో పుట్టిన రంగు, పైన పూసిన రంగు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

విశాఖపట్నం నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలావాటిలో ఒకే ఆందోళన కనిపించింది. రకరకాల రంగుల కూరగాయలు, పండ్లు తినమని వైద్యులు చెబుతున్నారు. బజారుకు వెళితే ఆ రంగు కాయలో పుట్టిందో, ఎవరైనా పూశారో తెలియడం లేదు. పురుగుమందుల భయం వీటికి తోడు. ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్న ప్రశ్నలను ఏరి ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

ప్రశ్న: రోజుకు ఐదు రంగుల ఆహారం తినాలని చదివాను. బ్రకోలీ, ఎర్ర క్యాబేజీ, పసుపు క్యాప్సికం, బ్లూబెర్రీ అంటూ ఇచ్చిన ఆ జాబితాలోనివేవీ మా ఇంటి ఖర్చుకు అందేవి కావు. మామూలు కూరగాయలతో ఆ ప్రయోజనం రాదా?
— గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: తప్పకుండా వస్తుంది. ముందుగా ఆ ‘ఐదు’ అనే లెక్కను పక్కన పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది పెద్దలు రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని. బంగాళాదుంప వంటి పిండి దుంపలు ఈ లెక్కలోకి రావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో భోజనం పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, పండ్లే ఉండాలని సూచించింది. మన ఇళ్లలో పళ్లెం నిండా అన్నం పెట్టుకొని అంచున కాస్త కూర వడ్డించుకునే అలవాటు ఉన్నంతకాలం, ఆ కూర ఏ రంగులో ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. కూర పరిమాణం పెరిగిన తరువాతనే రంగుల మాట.

రంగు విషయానికి వస్తే, టమాటా, పుచ్చకాయ, ఎర్ర జామ పండ్ల ఎరుపుకు కారణం లైకోపీన్. గుమ్మడి, క్యారెట్, బొప్పాయి, మామిడి పండ్ల పసుపు, నారింజ రంగులకు ముఖ్య కారణం బీటా కెరోటిన్ వంటి కెరోటినాయిడ్లు. వీటిలో బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకుంటుంది. నేరేడు పండుకు, వంకాయ తొక్కకు ఊదా రంగు ఇచ్చేవి ఆంథోసయనిన్లు. బీట్‌రూట్, ఎర్ర తోటకూరల ఎరుపు వీటికి భిన్నమైన బీటాలైన్లనే వర్గానికి చెందినది. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి తెల్లగా ఉన్నంత మాత్రాన సారం లేనివి కావు. వాటి ఘాటుకు మూలమైన గంధక సమ్మేళనాలు వాటి ప్రత్యేకత. ఒక్కొక్క రంగు వెనుక ఒక్కొక్క రకం పదార్థం ఉంటుంది కనుకనే రంగులు మార్చి తినమంటారు. బ్లూబెర్రీలోని ఆంథోసయనిన్లు జూన్ నెలలో మన బండ్ల మీదకు వచ్చే నేరేడు పండ్లలోనూ సమృద్ధిగా ఉంటాయి.

ఇక్కడ మీ ఖర్చుకు అక్కరకు వచ్చే సంగతి ఒకటి చెప్పాలి. తోటకూర, ములగాకు, పొన్నగంటి, మెంతికూర వంటి ముదురాకుపచ్చ ఆకులలో కూడా బీటా కెరోటిన్ ఎక్కువగా ఉంటుంది. పత్రహరితం దానిని కప్పివేయడం వల్ల మన కంటికి కనిపించదు, అంతే. అంటే ఒక్క తోటకూర కట్టతో ఆకుపచ్చ, పసుపు రెండు వర్గాల మేలూ పొందినట్లే. చిలగడదుంప విషయం దీనికి వ్యతిరేకం: తొక్క ఎర్రగా ఉన్నా లోపలి గుజ్జు తెల్లగా ఉంటే అందులో కెరోటిన్ తక్కువే, గుజ్జు నారింజ రంగులో ఉన్న రకమే విటమిన్ ‘ఎ’కు మంచి ఆధారం.

కెరోటిన్, లైకోపీన్ రెండూ కొవ్వులో కరిగేవి కావడం వల్ల, కూరలో కొద్దిగానైనా నూనె లేనిదే శరీరం వాటిని సరిగా గ్రహించలేదు. పోపులో వేసే చెంచా నూనె అందుకు సరిపోతుంది. టమాటాను పచ్చిగా తిన్నప్పటి కంటే నూనెలో మగ్గించి పచ్చడి చేసినప్పుడు లైకోపీన్ బాగా అందుతుంది. విటమిన్ ‘సి’ మాత్రం వేడికి నశిస్తుంది, ఉడికించిన నీటిలోకి దిగిపోతుంది. అందువల్ల ఆకుకూరలను ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీరు పారబోయకండి. మూత పెట్టి, ఆకులోని తడితోనే మగ్గనిచ్చి, దించిన తరువాత నిమ్మరసం పిండుకుంటే ఆకులోని ఇనుము కూడా మెరుగ్గా వంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఈ లాభం చాలావరకు పోతుంది. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసు గల భారతీయ మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక, ఇంటిల్లిపాదికీ వండి పెట్టి చివరన మిగిలినది తినే గృహిణులు ఈ సూచనను తమ కోసం కూడా పాటించాలని కోరుతున్నాను.

ఎర్ర తోటకూర పప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ వేపుడు, పక్కన ఒక ఉల్లిపాయ, సాయంత్రం జామకాయ, ఉదయం చోడి (రాగి) అంబలి: రెండు రోజుల భోజనంలో ఇవి వచ్చేలా చూసుకుంటే మీరు చదివిన జాబితాతో పనిలేదు.

ప్రశ్న: మురుగు నీటితో ఆకుకూరలు పండిస్తున్నారని విని కొన్ని నెలలుగా ఆకుకూరలు కొనడం మానేశాను. పురుగుమందుల భయంతో వంకాయ, బెండకాయ, కాలీఫ్లవర్ కూడా తగ్గించాము. ఇప్పుడు ఎక్కువగా పప్పు, బంగాళాదుంప, చారుతోనే గడుస్తోంది. మేము చేస్తున్నది సరైనదేనా?
— విశ్రాంత ఉద్యోగి, కంచరపాలెం

జవాబు: మీ భయానికి కారణం ఉంది, మీరు ఎంచుకున్న మార్గం మాత్రం సరైనది కాదు. కూరగాయలు మానేయడం వల్ల పీచు, ఫోలేట్, పొటాషియం, కెరోటిన్ అన్నీ తగ్గుతాయి. ఆ లోటు గుండెను, రక్తపోటును, పేగులను ప్రతిరోజూ దెబ్బతీస్తుంది. పురుగుమందుల అవశేషాల ప్రమాదాన్ని తగ్గించుకునే మార్గాలు మన చేతిలో ఉన్నాయి కాని, తినని కూర మేలును మరే విధంగానూ పొందలేము. ఈ వయసులో మీకు ఆకుకూరలు అవసరమని గట్టిగా చెబుతున్నాను.

కలుషితం అని మనం ఒకే మాటతో చెప్పేవి నిజానికి మూడు వేర్వేరు విషయాలు. మొదటిది మట్టి, సూక్ష్మజీవులు, పురుగుల గుడ్లు. ఇవి కడిగితే చాలావరకు పోతాయి, బాగా ఉడికిస్తే చనిపోతాయి. ఆకుకూర కట్ట విప్పి, వేళ్లు కోసి, వెడల్పాటి గిన్నెలో నిండా నీళ్లు పోసి ఆకులను ముంచి కదపండి. మట్టి అడుగుకు దిగిన తరువాత ఆకులను చేతితో పైకి తీయాలి కాని, గిన్నెను వంచి నీరు వంపకూడదు. అలా వంపితే దిగిన మట్టి మళ్లీ ఆకులకే అంటుకుంటుంది. నీరు తేటగా మిగిలేవరకు ఇలా చేసి, చివరగా కుళాయి ధార కింద కడగండి. కడిగిన తరువాతనే తరగాలి. కాలీఫ్లవర్‌ను పువ్వులుగా విడదీసి, ఉప్పు వేసిన వేడి నీటిలో కొంతసేపు ఉంచితే దాగి ఉన్న పురుగులు బయటికి వస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, కీర, టమాటాల విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

రెండవది తొక్క మీద మిగిలిన పురుగుమందు. పారే నీటిలో చేతితో రుద్ది కడగడమే దీనికి అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం. లీటరు నీటికి రెండు చెంచాల వంట సోడా కలిపి పావుగంట నానబెట్టి, ఆపై మంచి నీటితో కడగడం మరింత మేలు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ఆపిల్ పండ్లపై పరీక్షించినప్పుడు, వంట సోడా నీరు పైన ఉన్న రెండు రకాల మందులను 12 నుంచి 15 నిమిషాలలో తొలగించింది. తొక్కలోపలికి ఇంకిన భాగాన్ని మాత్రం అది తీయలేకపోయింది. మొక్క వేరు నుంచో, ఆకు నుంచో పీల్చుకునే రకం మందులు ఏ కడుగుడుకూ పోవు. సబ్బు, గిన్నెలు తోమే ద్రవం వాడే వారున్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయవద్దు, కాయ పైపొర వాటిని పీల్చుకుంటుంది.

మూడవది మీరు అడిగిన మురుగు నీటి సమస్య. పరిశ్రమల వ్యర్థాలు కలిసిన నీటితో పెరిగిన ఆకుకూరలు సీసం, కాడ్మియం వంటి లోహాలను వేళ్ల ద్వారా పీల్చుకొని ఆకులలో నిలుపుకుంటాయి. ఎంత కడిగినా, ఉడికించినా అవి పోవు. కాబట్టి ఇక్కడ జాగ్రత్త వంటగదిలో కాదు, కొనే చోటనే పడాలి. 1999లో మన రాష్ట్రంలో మొదలైన రైతుబజార్ల వల్ల ఉన్న పెద్ద సౌకర్యం, పండించిన వ్యక్తితో నేరుగా మాట్లాడగలగడం. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు నుంచి వచ్చే రైతును ఏ ఊరు, బావి నీరా, బోరు నీరా, చెరువు నీరా, చివరి మందు ఎప్పుడు కొట్టారు అని మర్యాదగా అడగండి. చాలామంది దాచకుండా చెబుతారు. వచ్చే వారం కూడా అడుగుతారని తెలిసిన కొనుగోలుదారునికి రైతు మంచి సరుకే తెచ్చి పెడతాడు. అలాగని ఒకే ఆకు, ఒకే బండి అని స్థిరపడకుండా ఆకుకూరలను మారుస్తూ ఉంటే, ఒకచోట లోపమున్నా దాని ప్రభావం తక్కువగా ఉంటుంది.

ఆకులకు చిల్లులుంటే మందు కొట్టలేదని చాలామంది నమ్ముతారు. పురుగు తిన్న తరువాత కూడా మందు కొట్టవచ్చు కనుక చిల్లులు దేనికీ సాక్ష్యం కావు. ప్రకృతి సేద్యం పేరుతో అమ్మే సరుకు ప్యాకెట్టులో ఉంటే ‘జైవిక్ భారత్’ లేదా ‘పీ.జీ.ఎస్. ఇండియా’ అనే సేంద్రియ ధ్రువీకరణ గుర్తు ఉందేమో చూడండి. విడిగా అమ్మే చిన్న రైతుల దగ్గర మాత్రం పరిచయమే ప్రమాణం. మీ డాబా మీద ఎండ తగిలే చోటు ఉంటే నాలుగు కుండీలలో తోటకూర చల్లండి. నెల తిరగకుండానే కోతకు వస్తుంది. తీగ బచ్చలి ఒకసారి నాటితే నెలల తరబడి ఆకు ఇస్తూనే ఉంటుంది.

ప్రశ్న: బజారులో కొన్న పసుపు, కారం, పచ్చి బఠానీలలో రంగు కలిపారో లేదో ఇంట్లో కనిపెట్టే వీలుందా? బెల్లం తెల్లగా ఉంటే మంచిదా, నల్లగా ఉంటే మంచిదా?
— ఉద్యోగిని, గాజువాక

జవాబు: భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఇంటి పరీక్షలు కొన్నింటిని ప్రజల కోసం ప్రకటించింది. గాజు గ్లాసు నీటిలో చెంచా పసుపు వేయండి. అసలు పసుపు అడుగుకు దిగుతూ నీటికి లేత రంగు మాత్రమే ఇస్తుంది, రంగు కలిపినదైతే నీరు చిక్కటి పసుపుగా మారుతుంది. కారాన్ని నీటి మీద చల్లినప్పుడు ఎర్రటి చారలు కిందికి దిగితే అనుమానించాలి. బఠానీలను నీటిలో అరగంట ఉంచితే పూసిన పచ్చరంగు నీటిలోకి వచ్చేస్తుంది. బెండకాయ, పచ్చిమిర్చి వంటి వాటిని రంగు లేని ఖనిజ నూనె అయిన లిక్విడ్ పారాఫిన్‌లో తడిపిన దూదితో రుద్దినప్పుడు దూది పచ్చబడితే అది మలకైట్ గ్రీన్ కావచ్చు. బట్టలకు వాడే ఈ రంగుకు ఆహారంలో చోటు లేదు.

వీటిలో పసుపు గురించి నాకు ఎక్కువ ఆందోళన. కొమ్ములు మెరవడానికి పూసే లెడ్ క్రోమేట్‌లో సీసం ఉంటుంది, సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. విశాఖ వాసులకు పాడేరు ప్రాంతపు పసుపు అందుబాటులో ఉంది. మెరుగుపెట్టని, మట్టి రంగు పైపొర ఉన్న కొమ్ములు కొని, ఎండబెట్టి, మరలో ఆడించుకుంటే ఏడాదికి సరిపడా నిశ్చింత. నీటి పరీక్షలో నెగ్గినంత మాత్రాన సరుకు పూర్తిగా స్వచ్ఛమని తేలినట్టు కాదు. ఎక్కువ మోతాదు కల్తీనే ఇవి పట్టిస్తాయి, నిర్ధారణ ప్రయోగశాలలోనే.

ఇక అనకాపల్లి పక్కనే ఉన్నా మనవారు బెల్లాన్ని రంగు చూసి కొనడం విచారకరం. చెరకు రసం కాచితే సహజంగా వచ్చేది గోధుమ, ముదురు గోధుమ రంగు. పాలిపోయిన లేత పసుపు రంగు కోసం హైడ్రోస్ అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్ కలుపుతారు. బెండ మొక్క జిగురుతో రసం మడ్డి తీసే పాత పద్ధతి కూడా ఉంది. కొనేవారు తెల్లని బెల్లమే అడిగినంతకాలం తయారుచేసేవారు హైడ్రోస్ మానరు. ముదురు బెల్లం అడగడం మొదలుపెట్టాల్సింది మనమే.

రంగు మార్పే హెచ్చరికగా నిలిచే సందర్భాలు కూడా ఉన్నాయి. ఎండ తగిలి పచ్చబడిన బంగాళాదుంపలో సొలనిన్ అనే విష పదార్థం పెరుగుతుంది. ఆ భాగం లోతుగా కోసి పారేయాలి, దుంపంతా పచ్చబడితే అసలు వాడకూడదు. బూజు పట్టిన, ముడతలు పడిన, చేదెక్కిన వేరుశనగ గింజలలో కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు.

ప్రశ్న: మనవడికి బీట్‌రూట్ కూర పెట్టిన మరునాడు మూత్రం ఎర్రగా వచ్చింది. కూరలో రంగు కలిపారా? చాలా భయపడ్డాము.
— పెదవాల్తేరు నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: బీట్‌రూట్‌లోని సహజమైన ఎరుపే కొందరిలో మార్పు చెందకుండా మూత్రంలోకి వస్తుంది. హాని లేదు. బీట్‌రూట్ తినని రోజుల్లో కూడా ఎరుపు కనిపిస్తే, లేదా బాబుకు నొప్పి, జ్వరం ఉంటే వెంటనే పిల్లల వైద్యునికి చూపించండి. నెలల తరబడి క్యారెట్, గుమ్మడి ఎక్కువగా పెట్టినప్పుడు అరచేతులు పసుపుగా మారడం కూడా ఇటువంటిదే. కంటి తెల్లగుడ్డు పసుపు కానంతవరకు అది కామెర్లు కాదు.

ప్రశ్న: మామిడి పండ్లను కార్బైడ్‌తో మగ్గబెట్టారని ఎలా తెలుసుకోవాలి? రంగు బాగున్న పండు కొనాలంటేనే భయంగా ఉంది.
— ఉపాధ్యాయుడు, మధురవాడ

జవాబు: కాల్షియం కార్బైడ్ తడి తగిలినప్పుడు కాయను మగ్గబెట్టే ఎసిటిలీన్ వాయువు విడుదల అవుతుంది. పరిశ్రమలలో వాడే ఆ రసాయనంలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ అవశేషాలు ఉండటం వల్ల పండ్లకు దానిని వాడటం నిషేధించారు. పండు తనలో తాను తయారుచేసుకునే ఇథిలీన్ వాయువును మాత్రం ప్రత్యేక గదులలో, పది లక్షల పాళ్లలో 100 పాళ్ల వరకు వాడేందుకు అనుమతి ఉంది. కాబట్టి గదిలో మగ్గబెట్టిన ప్రతి పండూ విషం కాదు.

పండంతా ఒకే తీరు పసుపు రంగు, తొడిమ దగ్గర వాసన లేకపోవడం, కోస్తే లోపల గట్టిగా, పుల్లగా ఉండటం అనుమానానికి ఆధారాలు. మన ఉత్తరాంధ్ర సువర్ణరేఖ పండుకు భుజాల మీద ఉండే ఎర్రటి జీర మాత్రం దాని పుట్టుకతో వచ్చినదే. దానిని చూసి వెనుదిరగకండి. అన్నింటికంటే మంచి పద్ధతి, బాగా ముదిరిన కాయలు కొని ఇంట్లోనే ఎండుగడ్డిలోనో, కాగితం సంచిలో ఒక పండిన అరటిపండుతో పాటుగానో ఉంచి మగ్గనివ్వడం. కాలానికి ముందే బజారులో కనిపించే బంగినపల్లి పండ్లకు తొందరపడకండి. తినే ముందు నీటిలో నానబెట్టి, కడిగి, తొక్క తీసి తినండి.

ప్రశ్న: నాన్నగారికి గుండె కవాటం శస్త్రచికిత్స తరువాత రక్తం పలుచబడే మాత్రలు ఇస్తున్నారు. ఆకుకూరలు పూర్తిగా మానేయాలని బంధువులు అంటున్నారు. నిజమేనా?
— సీతమ్మధార

జవాబు: వార్‌ఫరిన్, అసినోకుమరాల్ మాత్రలు విటమిన్ ‘కె’కు విరుద్ధంగా పనిచేస్తాయి, ముదురాకుపచ్చ ఆకులలో ఆ విటమిన్ ఎక్కువ. ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తింటే మందు ప్రభావం ఎగుడుదిగుడు అవుతుంది. మానడం కాదు, వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినడం ముఖ్యం. ఆహారంలో ఏ మార్పు చేసినా ఆయన వైద్యునికి చెప్పి, రక్తం గడ్డకట్టే వేగాన్ని తెలిపే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించండి. మూత్రపిండాల జబ్బు కూడా ఉంటే పొటాషియం దృష్ట్యా ఆకుకూరలు, పండ్ల మోతాదు వైద్యుడే నిర్ణయించాలి.

ప్రశ్న: సాయంత్రం బీచ్ రోడ్డుకు వెళితే పిల్లలు ఎర్రటి మంచూరియా, గులాబీ రంగు పీచుమిఠాయి కావాలని పట్టుబడతారు. బజ్జీలను వార్తాపత్రిక కాగితంలో పెట్టి ఇస్తున్నారు. ఎవరికి చెప్పుకోవాలి?
— ఇద్దరు పిల్లల తల్లి, మహారాణిపేట

జవాబు: పీచుమిఠాయి గులాబీ రంగుకు కొందరు వాడే రోడమిన్ ‘బి’ బట్టల రంగు; ఆహారంలో వాడేందుకు దానికి అనుమతి లేదు. నమూనాలలో అది బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించాయి. మరుసటి నెలలో కర్ణాటక రంగు పీచుమిఠాయిని, గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. మన దేశంలో 8 కృత్రిమ రంగులకే, అదీ నిర్ణీత పదార్థాలలో నిర్ణీత మోతాదుకే అనుమతి ఉంది. బండి వారు చిటికెతో వేసే రంగుకు కొలత ఉండదు. పిల్లలకు కాల్చిన మొక్కజొన్న పొత్తు, ఉడికించిన శనగలు, వేరుశనగలు ఇప్పించండి. కోసి, మూత లేకుండా ఉంచిన పండ్ల ముక్కలు ఎంత రంగుగా ఉన్నా ఎండాకాలంలో వద్దు.

వార్తాపత్రిక సిరాలోని రసాయనాలు వేడి నూనెకు కరిగి బజ్జీలోకి చేరతాయి. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు ఆహారాన్ని వార్తాపత్రికలో చుట్టడాన్ని నిషేధించాయి. ఇంటి నుంచి ఒక స్టీలు డబ్బా తీసుకువెళ్లండి, లేదా అడ్డాకులో పెట్టి ఇమ్మని అడగండి. ఇద్దరు ముగ్గురు అడిగితే బండి యజమాని ఆకులు తెచ్చి పెట్టుకుంటాడు.

ఫిర్యాదుకు ఆహార భద్రత సంస్థ ఉచిత ఫోను నంబరు 1800112100. ఎప్పుడు, ఎక్కడ, ఏ పదార్థం కొన్నారో చెప్పి, బిల్లు ఉంటే దగ్గర ఉంచుకోండి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షను ప్రకారం సామాన్య కొనుగోలుదారు కూడా రుసుము చెల్లించి తాను కొన్న పదార్థాన్ని ప్రభుత్వ ఆహార విశ్లేషకుని చేత పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మకందారునికి చెప్పాలి. పదార్థం చట్టానికి విరుద్ధమని తేలితే మీరు కట్టిన రుసుము తిరిగి వస్తుంది.